క్యారవాన్ నేల మెత్తబడింది, పైన కొత్త ప్లైవుడ్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో ఉంటాం. కారు వెనక తగిలించుకుని లాగే క్యారవాన్ ట్రైలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నేనూ మా ఆవిడా అరకు, లంబసింగి, భీమిలి వైపు తిరుగుతుంటాం. భీమిలిలో ఒకట్రెండు సార్లు ఇసుక మీదే నిలిపాం. ఇంటి దగ్గర ఉన్నప్పుడు టార్పాలిన్ కప్పి ఉంచుతాం. అక్టోబరు వానల తర్వాత లోపల ముక్కిపోయిన వాసన మొదలైంది. తలుపు దగ్గర, సింకు ముందు కాలు పెడితే నేల దిగుతోంది. ముందువైపు ఎడమ మూలలో, మంచం కింద వినైల్ షీటు ఎత్తి చూస్తే ప్లైవుడ్ నల్లగా ఉంది. నీళ్ళ పంపు కూడా రాత్రిళ్ళు దానంతటదే ఒక్క క్షణం గుర్రుమని ఆగుతోంది, పాతబడింది కదా అనుకున్నాం. మా అల్లుడు చెక్కలో తేమ శాతం చూపే మాయిశ్చర్ మీటర్ తెప్పించి చూస్తే ఎక్కడ పెట్టినా 16, 17 చూపిస్తోంది, ఆ మూలలో మాత్రం 30 దాటింది. 15 దాటితే ప్రమాదమని వీడియోల్లో చెబుతున్నారట. షెడ్డువాళ్ళు పాత నేల కదపకుండా పైన 12 ఎంఎం ప్లైవుడ్ వేసి, కింద నల్ల తారు కొట్టి, రెండు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, నేల ఎక్కడ కూలుతుందోనని లోపలికి రావడానికే భయపడుతోంది. ఏం చేయమంటారు? సంక్రాంతికి అరకు వెళ్ళొచ్చా?

సమాధానం: ముందు షెడ్డువాళ్ళకు ఫోన్ చేసి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టొద్దని చెప్పండి. తడి నేలకు పైన ప్లైవుడ్, కింద తారు వేస్తే లోపలున్న నీటికి రెండు దారులూ మూసేసినట్టే. కొన్నాళ్ళు గట్టిగానే అనిపిస్తుంది, వాసన కూడా తగ్గుతుంది. లోపల మాత్రం పుచ్చు ఆగదు. మీకు మళ్ళీ కంటికి కనబడే నాటికి బండి కింది ఇనుప చట్రానికి, అంటే చాసిస్‌కు నేలను పట్టి ఉంచే బోల్టుల చుట్టూ చెక్క పొడి అయిపోయి ఉంటుంది. ఇప్పుడు ఒక మూలతో పోయే పని అప్పుడు నేల మొత్తం మార్చే దాకా వెళ్తుంది. పైగా అదనంగా వేసిన ప్లైవుడ్ బరువును మీ కారు ప్రతి ఘాట్ రోడ్డులోనూ లాగాలి.

మీ నేలకు మూడు చోట్ల జబ్బుంది, మూడూ ఒకటే అనుకోకండి. ఇలాంటి ట్రైలర్ల నేల ఎక్కువగా పొరలుగా ఉంటుంది. పైన పలచటి ప్లైవుడ్, కింద ఇంకో ప్లైవుడ్, మధ్యలో థర్మాకోల్ లాంటి ఫోమ్, అంచుల్లోనూ అక్కడక్కడా చెక్క పట్టీలు. అన్నిటినీ గమ్‌తో అతికించి ఒకే పలకగా చేస్తారు. బరువు తక్కువగా ఉండి మనిషిని మోసేది ఆ అతుకు వల్లే. అతుకు వదిలితే, చెక్క ఎంత పొడిగా ఉన్నా నేల దిగుతుంది. ఎక్కువగా అడుగులు పడే చోట, అంటే తలుపు దగ్గర, సింకు ముందు, ముందుగా వదిలేది అందుకే. మీరు చెప్పిన మూడు చోట్లలో రెండు సరిగ్గా అవే. ఆ రెండు చోట్ల సమస్య అతుకు మాత్రమే అయ్యే అవకాశం ఉంది. మూల సంగతి వేరు, అక్కడ నీరు చేరింది.

తేడా మీరే తేల్చుకోవచ్చు. వినైల్ షీటు తీసేసి, చెప్పుల్లేకుండా నిలబడి, దిగుతున్న చోట మడమతో మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు కిర్రుమని, లేదా చిన్నగా టప్పుమని శబ్దం వచ్చి, కాలు తీయగానే నేల మళ్ళీ పైకి లేస్తే అతుకు వదిలినట్టు. రూపాయి బిళ్ళతో కొట్టి చూడండి, అతుకు ఉన్నచోట గట్టి శబ్దం, వదిలినచోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ డొల్ల ఎక్కడి దాకా ఉందో సుద్దతో గీత గీసుకోండి. మూలలో మాత్రం సన్న స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మంచి ప్లైవుడ్‌లో మొన ఒక మిల్లీమీటరు కూడా దిగదు, తీసేటప్పుడు పట్టుకుంటుంది. పుచ్చినదైతే బలం పెట్టకుండానే దిగిపోతుంది, బయటికి తీస్తే మొనకు తడి పొట్టు అంటుకుని ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుట్టగొడుగుల వాసన వస్తుంది. ఇదే పరీక్ష ట్రైలర్ కిందికి వెళ్ళి అడుగు నుంచి కూడా చేయాలి. ఊరికే జాకీ మీద నిలబెట్టి కిందికి దూరకండి. చక్రాలకు అడ్డాలు పెట్టి, గట్టి స్టాండ్లు వేసిన తర్వాతే వెళ్ళండి. అంచులు, వీల్ ఆర్చ్ (చక్రం పైన ఉండే కమాను) చుట్టూ, మెట్టు బిగించిన చోటు, చాసిస్ బోల్టుల చుట్టూ, ఇవి వదలకుండా చూడాల్సినవి.

ఇక మీటర్ సంగతి. మీ అల్లుడుగారు చూసిన వీడియోలు బహుశా ఇంగ్లండ్‌వి అయ్యుంటాయి. అక్కడ క్యారవాన్లు ఎక్కువ, ఏటా సర్వీసింగులో తేమ పరీక్ష చేయించుకోవడం మామూలే. వాళ్ళ లెక్కలో 15 శాతం లోపు బాగున్నట్టు, 15 నుంచి 20 దాకా కన్నేసి ఉంచాల్సినట్టు, 20 దాటితే నీరు ఎక్కడి నుంచో వస్తున్నట్టు, 30 దాటితే చెక్క దెబ్బతిని ఉండొచ్చని. ఆ లెక్క అక్కడి వాతావరణానికి సరిపోతుంది. మనది సముద్రం ఒడ్డు. గాలిలో తేమ 75, 80 శాతం ఉంటే, ఒక్క చుక్క నీరు కారకపోయినా చెక్క ఆ గాలి నుంచే 14, 15 శాతం దాకా తేమ పట్టుకుంటుంది. వానల రోజుల్లో అది 17, 18 కూడా అవుతుంది. కాబట్టి ‘ఎక్కడ పెట్టినా 16, 17’ అన్నది వైజాగ్ గాలి, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. 30 దాటిన మూల ఒక్కటే నిజమైన కబురు. చెక్కను తినే బూజు 20 శాతం లోపు పెరగలేదు, 28, 30 దగ్గర బాగా పెరుగుతుంది. మన ఊళ్ళో మీటర్‌ను వాడాల్సిన పద్ధతి ఏమిటంటే, ముందు నేల బాగున్న చోట ఒక అంకె తీసుకుని, మిగతా చోట్ల దానికంటే ఎంత ఎక్కువుందో చూడటం. ఐదారు అంకెలు ఎక్కువుంటే అక్కడ వెతకండి.

ఇందులో ఒక చిక్కుంది, అది భీమిలి ఇసుకతో ముడిపడింది. సముద్రపు ఉప్పు చెక్కలోకి దిగితే, గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడల్లా ఆ ఉప్పే నీటిని లాక్కుని కరిగిపోతుంది. మన తీరంలో చాలా రోజులు గాలి ఆ స్థాయిలోనే ఉంటుంది, అంటే ఉప్పు పట్టిన చెక్క ఎంత ఆరబెట్టినా మళ్ళీ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. పైగా ఉప్పునీరు కరెంటును బాగా పాకిస్తుంది కాబట్టి మీటర్ కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. స్క్రూలు, క్లిప్పులు తుప్పు పట్టేదీ దీనివల్లే. అందుకని ఇసుక మీద నిలిపి వచ్చిన ప్రతిసారీ కింది భాగాన్ని మంచినీళ్ళతో కడగాలి. ప్రెషర్ వాషర్ పెట్టి అంచుల్లోకి కొట్టకండి, నీరు అతుకుల్లోకి దూరుతుంది. మామూలు పైపు నీళ్ళు ధారగా పోస్తే చాలు. తర్వాత ఎండ, గాలి తగిలేలా ఉంచండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోంది? పంపు రాత్రిళ్ళు దానంతటదే గుర్రుమంటోందని రాశారు. మీరు మామూలుగా రాసేశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను ఆపిన వాక్యం అదే. ఈ పంపులు పైపులో ప్రెషర్ తగ్గితే ఆన్ అవుతాయి, నిండితే ఆగుతాయి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రి ప్రెషర్ తగ్గుతోందంటే నీరు ఎక్కడో బయటికి పోతున్నట్టు. పంపు లోపలి వాల్వ్ అరిగి నీరు వెనక్కి ట్యాంకులోకి జారినా ఇలాగే జరుగుతుంది, కానీ నేల తడిసిన బండిలో ముందు లీకేజీనే అనుమానించాలి. పంపు ఆన్ చేసి, కుళాయిలు మూసి, సింకు కింద ప్రతి జాయింటుకూ పొడి టిష్యూ పేపర్ చుట్టి గంటసేపు వదిలేయండి. గంటకు రెండు చుక్కలు కారే జాయింటును కన్ను పట్టుకోలేదు, టిష్యూ పట్టుకుంటుంది. గతుకుల రోడ్ల మీద ఊగి ఊగి బిగింపులు వదులవడం ఈ బండ్లలో చాలా మామూలు. మురుగు నీళ్ళ పైపును కూడా చూడండి. అందులో ప్రెషర్ ఉండదు కాబట్టి సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలినప్పుడే దాని లీకేజీ బయటపడుతుంది.

సింకు లీకేజీ సింకు ముందున్న నేలను తడపొచ్చు, ముందు ఎడమ మూలను కూడా తడపొచ్చు. నీరు పై ప్లైవుడ్ కింద, ఫోమ్ అతుకు వదిలిన సందుల్లోంచి, బండి నిలిపిన వాలును బట్టి ఎక్కడికైనా పాకుతుంది. మీ ఇంటి దగ్గర ట్రైలర్ ముందు భాగం కాస్త కిందికి వాలి ఉంటుందేమో చూడండి, ఆ ఒక్క సంగతే చాలా చెబుతుంది. కానీ మూల దగ్గర పైనుంచి కూడా రావచ్చు. కప్పు, గోడ కలిసే అంచున అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని కింద సందులు మూసే సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి బిరుసెక్కుతుంది. కిటికీ రబ్బరు, చిన్న మార్కర్ లైట్లు, కప్పు మీది కిటికీ, అన్నీ అనుమానితులే. నీరు గోడ లోపల చెక్క ఫ్రేము వెంట జారి నేల అంచు దగ్గర తేలుతుంది. కాబట్టి తడి కనబడిన చోటికి పైన, పక్కన, ఒక మీటరు అవతల కూడా వెతకాలి. గోడ లోపలి ప్యానెల్ మీద ఉబ్బు గానీ, స్టేపుల్ పిన్నుల చుట్టూ తుప్పు మరకలు గానీ ఉంటే, ఆ వరస పైకి పట్టుకుని వెళ్ళండి.

వానకు కారుతోందో లేదో తేల్చే పద్ధతి ఒకటుంది, ఓపిక కావాలి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఒకరు బయట నీళ్ళ పైపు పట్టుకోవాలి. ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టండి. ముందు నేల అంచు దగ్గర పది నిమిషాలు, తర్వాత కిటికీ కింది అంచు, తర్వాత కిటికీ పైన, చివరగా కప్పు అంచు. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదా కారి, ఏది లీకో తెలియకుండా పోతుంది. వీల్ ఆర్చ్‌ను కూడా వదలకండి. చక్రం విసిరే రాళ్ళు అక్కడి కోటింగును కొట్టుకుంటూ పోతాయి, ఒక్క చిల్లు పడితే వానలో నడిపిన ప్రతిసారీ నీరు నేరుగా నేల అంచుకే తగులుతుంది.

ఏసీ ఉంటే దాన్నీ చూడండి. ఉక్కపోత రోజుల్లో ఏసీ నుంచి గంటకు లీటరు దాకా నీరు వస్తుంది. ఇక్కడ బిగించే ఏసీల్లో కొన్నిటికి ఆ నీటి పైపు గోడ లోపలి నుంచి దిగుతుంది. పైపులో ధూళి పేరుకుని మూసుకుపోతే నీరు లోపలే ఒలుకుతుంది. దీని గురించి ఇంగ్లండ్ వీడియోల్లో దాదాపు వినబడదు, అక్కడ ఏసీ తక్కువ. అక్కడివాళ్ళ బాధ చలికాలంలో లోపలి ఊపిరి చల్లటి గోడల మీద నీరవడం. మనకు ఆ బాధ లంబసింగిలో వస్తుంది. చలికాలం రాత్రి ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగే ఊరు అది. కిటికీలన్నీ బిగించుకుని ఇద్దరు పడుకుంటే ఊపిరి, చెమట కలిపి తెల్లారేసరికి అర లీటరు దాకా తేమ లోపలే తిరుగుతుంది. అది పరుపు కింద, మంచం పెట్టె లోపల చేరుతుంది. నల్లబడింది మంచం కిందే కదా, దీన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. పడుకునేటప్పుడు కిటికీ రెండు వేళ్ళ మేర తెరిచి ఉంచండి. పొద్దున్నే పరుపు ఎత్తి పెట్టండి. చలి వేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి.

లీకేజీ దొరికి ఆగిన తర్వాత ఆరబెట్టడం. ఈ పని మీద అందరికీ చిన్నచూపే, నా లెక్కలో ఇదే అసలు పని. వినైల్ షీటు పూర్తిగా తీసేయండి, అది నేల మీది ప్లాస్టిక్ మూత. మంచం పెట్టె తలుపులు, అలమర తలుపులు అన్నీ తెరవండి. నల్లబడ్డ చోట పై ప్లైవుడ్ ఎలాగూ కోయాల్సిందే కాబట్టి, ఇప్పుడే ఒక చిన్న ముక్క కోసి తీస్తే లోపలి ఫోమ్‌కు గాలి తగులుతుంది. ఆ పాత బూజు పట్టిన చెక్కను కోసేటప్పుడు మాస్క్ వేసుకోండి. టార్పాలిన్ తీసేయండి. వాన పడకుండా కప్పుతున్నాం అనుకుంటారు గానీ, రాత్రి దాని లోపలి వైపు పట్టిన తేమ పొద్దున్న ఎండకు ఆవిరై బండి చుట్టూనే తిరుగుతుంది. రేకుల షెడ్డు కింద, నాలుగు వైపులా గాలి ఆడేలా, సిమెంటు గచ్చు మీద నిలపండి. మట్టి, గడ్డి మీద నిలిపితే నేలలోంచి లేచే తేమ ఇరవై నాలుగు గంటలూ అడుగు ప్లైవుడ్‌కు తగులుతుంది.

కాలం కూడా మీకు కలిసొస్తోంది. మనకు అక్టోబరు బాగా వానలు పడే నెల, తుపాన్లు కూడా అప్పుడే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. నవంబరు దాటాక గాలి కాస్త పొడిబారుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊళ్ళో చెక్క పనికి మంచి రోజులు. పగలు పది నుంచి నాలుగు దాకా తలుపులు తెరిచి టేబుల్ ఫ్యాన్ నేల మీదుగా వీచేలా పెట్టండి. సాయంత్రం గాలిలో తేమ పెరిగే లోపు అన్నీ మూసేసి, ఏసీని ‘డ్రై’ మోడ్‌లో నడపండి, లేదా గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ అద్దెకు దొరికితే అది పెట్టండి. రాత్రంతా తలుపులు తెరిచి ఉంచితే పగలు పోయిన తేమలో కొంత తిరిగి వచ్చేస్తుంది. హీట్ గన్, హాలోజన్ లైట్ల జోలికి వెళ్ళకండి, వేడికి ఫోమ్ కరిగిపోతుంది. ఎన్నాళ్ళు పడుతుందంటే, వారాలు పడుతుంది. వారానికోసారి అవే చోట్ల, అదే సమయంలో మీటర్ పెట్టి రాసుకోండి. మూల అంకె, బాగున్న చోటి అంకె దగ్గరకు వచ్చి రెండు వారాలు కదలకుండా ఉంటే ఆరినట్టు. 16కు వచ్చి ఆగితే 12 కోసం చూడకండి, మన గాలిలో అది రాదు.

రిపేరు రెండు రకాలు. అతుకు వదిలి, చెక్క బాగున్న చోట (తలుపు దగ్గర, సింకు ముందు) నేల కోయక్కర్లేదు. సుద్దతో గీసిన భాగంలో పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చిన్న రంధ్రాలు పెట్టి, సిరంజితో పలచటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే గమ్) ఎక్కిస్తారు. పక్క రంధ్రంలోంచి ఎపాక్సీ పైకి తొంగిచూస్తే ఆ చోటు నిండినట్టు. తర్వాత రంధ్రాల్లో చెక్క బిరడాలు కొట్టి, పైన పాలిథిన్ షీటు, దాని మీద పలక, ఆ పలక మీద ఇసుక బస్తాలు పెట్టి మర్నాటి దాకా వదిలేయాలి. పాలిథిన్ మరిచిపోతే పలక నేలకే అతుక్కుంటుంది. డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే కింది ప్లైవుడ్‌కు చిల్లు పడదు. అంతకంటే ముందు వైర్లు, నీళ్ళ పైపు నేలలో ఎటు పోతున్నాయో కింద నుంచి చూసుకోవాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్ళ చేతిపని నాకు ఎంతో ఇష్టం. మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళినా మంచిదే. కానీ వాళ్ళు రోజూ వాడేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్, దాన్ని మీ నేలలోకి ఎక్కించనివ్వకండి. అందులోని స్టైరీన్ థర్మాకోల్‌ను పెట్రోలు పోసినట్టు కరిగించేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, లోపల మాత్రం ఫోమ్ ఉన్నచోట గుంట మిగులుతుంది. మైకా అతికించే, ఘాటు వాసన వచ్చే రబ్బర్ గమ్‌లు కూడా అంతే. ‘ఎపాక్సీయే కావాలి’ అని అడగండి, డబ్బా మీద చదివి తీసుకోండి. ముందు పనికిరాని థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క వేసి అరగంట చూడండి. ఎపాక్సీని కూడా ఒకేసారి పెద్ద మగ్గు నిండా కలపొద్దు, కలిపింది కలిపినట్టే వేడెక్కి మగ్గులోనే గడ్డకడుతుంది. మన ఎండల్లో మరీ త్వరగా. కొంచెం కొంచెం కలుపుకుంటూ పొద్దున్న పూట చేయించండి.

మూలలో పుచ్చిన చోట ఇంజెక్షన్ పని చేయదు, కోయాల్సిందే. స్క్రూడ్రైవర్ దిగని గట్టి చెక్క వచ్చే దాకా, ఆపైన ఇంకో జానెడు కోసి తీసేయండి. నల్లగా ఉన్నా గట్టిగా ఉన్న భాగం ఉంచుకోవచ్చు. దానికీ, చుట్టుపక్కల చెక్క పట్టీలకూ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం రెండు మూడు సార్లు పట్టించి ఆరనివ్వండి. బూజుకూ చెదలకూ రెండిటికీ అది పనిచేస్తుంది, తర్వాత నీరు తగిలితే మాత్రం కొట్టుకుపోతుంది, అందుకే పైన సీలు తప్పనిసరి. కొత్త ముక్కకు షాపులో ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అంటే ఏదో ఒకటి ఇస్తారు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. ఎంఆర్ అని రాసి ఉన్న కమర్షియల్ ప్లైవుడ్ గాలిలో తేమను ఓర్చుకుంటుంది గానీ నీటిని కాదు, అందులోని గమ్ తడికి ఊడుతుంది. మెరైన్ ప్లైవుడ్‌కైనా కోసిన అంచులే ప్రాణం, నీరు తాగేది అక్కడే. బిగించే ముందు నాలుగు అంచులకూ, ప్రతి స్క్రూ రంధ్రానికీ ఎపాక్సీ పూయించండి. మన తేమ గాలిలో ఎపాక్సీ ఆరాక పైన జిడ్డు పొర పట్టొచ్చు, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాక రెండో కోటు వేయాలి. పాత ప్లైవుడ్, కొత్త ముక్క కలిసే చోట కింద చెక్క పట్టీ ఆధారంగా ఉండాలి, గాల్లో కలపకూడదు. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి వాడండి. కింద కోటింగ్ కొట్టించాలనుకుంటే అన్నీ ఆరి, మీటర్ ఒప్పుకున్నాకే. కప్పు అంచులకు, కిటికీలకు సిలికాన్ ట్యూబు పూసి పని అయిపోయిందనొద్దు. పాత సీలెంట్ గీకి, పట్టీ విప్పి, బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వేసి మళ్ళీ బిగించాలి. సిలికాన్ పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు.

నేల పని చేసేటప్పుడు గ్యాస్ సిలిండర్ పెట్టె అడుగున, ఒక్కోసారి స్టవ్ దగ్గర కూడా, నేలకు చిన్న రంధ్రాలో జాలీయో కనబడుతుంది. వాటిలోంచి దుమ్ము, వాన జల్లు వస్తున్నాయని కొందరు మూసేస్తుంటారు. మూయనివ్వకండి. వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, బయటికి పోవడానికి దారి అదొక్కటే. కొత్త వినైల్ వేసేటప్పుడు దాని మీద కప్పేయకుండా దగ్గరుండి చూసుకోండి. జల్లు రాకుండా కింద రేకు అడ్డం పెట్టించుకోవచ్చు, గాలి దారి మాత్రం తెరిచే ఉండాలి.

మీ ఆవిడగారి భయం సంగతి. అతుకు వదిలిన నేల కిర్రుమంటుంది, దిగుతుంది, కానీ కింద రెండో ప్లైవుడ్ బాగుంటే మనిషి కింద పడిపోయేంతగా విరగడం అరుదు. అలాగని మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఊగే నేల మీద నడవమనకూడదు. రిపేరయ్యే దాకా తలుపు దగ్గర, సింకు ముందు రెండు ప్లైవుడ్ పలకలు ఊరికే పరచండి, స్క్రూ కొట్టకుండా, రాత్రి ఎత్తేసేలా. బరువు చుట్టుపక్కలకు పంచుకుంటుంది, నేలకు గాలీ తగులుతుంది. లోపలికి ఎక్కే చోట పట్టుకోవడానికి ఒక రాడ్డు కూడా బిగించండి. పని మొదలయ్యాక సుద్ద గీతలు ఆవిడకు చూపించి, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ లేదో చెప్పండి. ఏది ఎక్కడుందో తెలిస్తే భయం తగ్గుతుంది.

సంక్రాంతికి అరకు ప్రయాణం ఆ ముందు ఎడమ మూల కింద చాసిస్ బోల్టులు ఎలా ఉన్నాయన్న దాని మీద ఉంది. ఈ ట్రైలర్లలో నేల కూడా చాసిస్‌తో కలిసి బలం మోస్తుంది, లాగేటప్పుడు ముందు భాగం మీద పడే గుంజుడు ఎక్కువ. బోల్టు వాషర్ చెక్కలోకి దిగి ఉన్నా, స్పానర్ పెడితే బిగియకుండా ఊరికే తిరుగుతున్నా, దాని చుట్టూ స్క్రూడ్రైవర్ దిగినా, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే ఆలోచన ఈ ఏడాదికి మానుకోండి. ఇంటి నుంచి షెడ్డుకు తీసుకెళ్ళడమైనా నెమ్మదిగానే. బోల్టులన్నీ గట్టిగా ఉండి, పుచ్చు మంచం కింద అంచుకే పరిమితమై, నీళ్ళ లీకేజీ ఆగి ఉంటే వెళ్ళొచ్చు. మూల మీద బరువు పెట్టకండి, నీళ్ళ ట్యాంకు ఖాళీగా తీసుకెళ్ళి అక్కడ నింపుకోండి, పంపు స్విచ్ వాడినప్పుడే వేయండి. తిరిగొచ్చిన మర్నాడు మూల దగ్గర మళ్ళీ మీటర్ పెట్టండి. అంకె పెరిగి ఉంటే లీకేజీ ఇంకా ఉన్నట్టే. అప్పుడు ఎపాక్సీ పని వాయిదా వేసి, మళ్ళీ టిష్యూ పేపర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి.